యాంప్‌లో గుయ్‌మనే రొద, చిటపటలు: ట్యూబులు కొనే ముందు ఇవి చూడండి

మీరు రాసిందాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 15 వాట్ల ట్యూబ్ కాంబో (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే, స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉన్న గిటార్ యాంప్లిఫయర్), మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒక్కో కాయిల్‌తో చేసిన భాగాలు) స్ట్రాట్ తరహా ఎలక్ట్రిక్ గిటార్, మధ్యలో శబ్దాన్ని మార్చే రెండు పెడల్స్. ఆన్ చేయగానే గుయ్‌మని రొద. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ పెరుగుతుంది. అరగంట వాయించాక చిటపటలు మొదలవుతాయి. షాపులో చూపిస్తే ట్యూబులన్నీ మార్చేయాలన్నారు, ఖర్చు విని మీరు ఆగిపోయారు.

ఆగి మంచి పని చేశారు. మీరు చెప్పిన వాటిలో ట్యూబుని అనుమానించాల్సింది చిటపటల దగ్గర ఒక్కచోటే. అక్కడ కూడా ట్యూబు అని తేల్చుకోవడానికి పెన్సిల్ ఒకటి చాలు. నేను చాలా ఏళ్ళుగా యాంప్‌లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. రొద అని తెచ్చేవాటిలో విప్పాల్సిన అవసరమే లేనివి బోలెడు చూశాను. శబ్దం ఎక్కడ పుడుతోందో తేలేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. తేల్చడం మీ చేతుల్లోనే ఉంది, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ముందుగా ప్రాణానికి సంబంధించిన మాట. ట్యూబ్ యాంప్ లోపల 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. కింద మిమ్మల్ని చేయమనేవన్నీ ఛాసిస్ (లోపలి భాగాలున్న లోహపు పెట్టె) విప్పకుండా చేసేవే. విప్పాల్సిన చోట ఆ మాట చెబుతాను, అక్కడితో ఆగి పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి. ఇంకొకటి, పరీక్ష కోసమని స్పీకర్ వైరు పీకి యాంప్ ఆన్ చేయకండి. లోడ్ లేకుండా నడిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ట్యూబులన్నిటికీ కలిపి అయ్యేదానికంటే దాని ఖర్చే ఎక్కువ కావచ్చు.

ఇక పనిలోకి వద్దాం. యాంప్ ఆన్‌లో పెట్టి, ఇన్‌పుట్ నుంచి కేబుల్ పూర్తిగా తీసేయండి. ఇన్‌పుట్ జాక్‌లో మామూలుగా ఒక చిన్న కాంటాక్టు ఉంటుంది. అందులో ఏమీ పెట్టనప్పుడు అది ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి, అంటే యాంప్ సున్నా వోల్టుల వైపుకి కలిపేస్తుంది. కాబట్టి ఖాళీ జాక్‌తో యాంప్ దాదాపు మౌనంగా ఉండాలి. సన్నగా సర్‌ర్ మనడం, చెవి స్పీకర్‌కి ఆనిస్తే కాస్త గుయ్ వినబడటం మంచి యాంప్‌లోనూ ఉంటాయి, వాటి జోలికి పోకండి. గది అవతల నించున్నా వినబడే రొద అలాగే ఉంటే లోపం యాంప్‌లోనో ఇంటి కరెంటులోనో ఉంది. కేబుల్ తీయగానే ఠక్కున పోయిందంటే యాంప్‌ని వదిలేసి గిటార్, కేబుల్, పెడల్స్, గది వైపు చూడాలి.

తర్వాత పెడల్స్ పక్కన పెట్టి, ఒకే కేబుల్‌తో గిటార్‌ని నేరుగా కలిపి, గిటార్ మీద వాల్యూమ్ సున్నాకి తిప్పండి. అక్కడ సిగ్నల్ వైరు గిటార్ లోపలే గ్రౌండ్‌కి కలిసిపోతుంది. దాంతో రొద పోయిందంటే దాన్ని పికప్‌లు బయటి నుంచి పట్టి తెస్తున్నాయన్నమాట. సున్నాలోనూ ఉంటే కేబుల్‌ని, గిటార్ జాక్‌ని అనుమానించండి. వేరే కేబుల్ పెట్టి చూడండి. స్పీకర్‌కి వాడే వైరుని గిటార్‌కి పెట్టేవాళ్ళున్నారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ స్పీకర్ వైరుకి చుట్టూ అల్లిన రాగి జాలీ ఉండదు, అది రొద పడుతుంది. ఇక కేబుల్ ఒక చివర యాంప్‌లో పెట్టి రెండో చివర గాల్లో వదిలి ‘చూడండి ఎంత రొదో’ అనడం పరీక్షే కాదు. అలా వదిలితే ఏ యాంప్ అయినా అరుస్తుంది.

మీ విషయంలో అసలు ఆధారం మీ ప్రశ్నలోనే ఉంది. చెయ్యి వేస్తే తగ్గడం. మన ఒళ్ళు గదిలో కరెంటు వైర్ల నుంచి వచ్చే అలజడిని పట్టి పక్కనే ఉన్న పికప్‌లకి అందిస్తుంది. తీగల్ని ముట్టుకోగానే బ్రిడ్జి (తీగలు ఆనుకునే లోహపు భాగం) నుంచి వెళ్ళే వైరు ద్వారా ఒళ్ళు గ్రౌండ్ అవుతుంది, అందించడం ఆగుతుంది. కాబట్టి తగ్గడం లోపమేమీ కాదు, బ్రిడ్జి గ్రౌండ్ వైరు బాగానే ఉందని దాని అర్థం. ముట్టుకున్నా తేడా లేకపోతేనే ఆ వైరు తెగిందేమో చూడాలి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ఒక మొన బ్రిడ్జికి, రెండోది గిటార్‌లో పెట్టిన కేబుల్ అవతలి జాక్ బయటి లోహానికి ఆనిస్తే దాదాపు సున్నా రావాలి. ముట్టుకుంటే రొద పెరిగినా, వేళ్ళకి జివ్వుమన్నా మాత్రం వాయించడం అక్కడికక్కడే ఆపేయండి, యాంప్‌ని గోడ స్విచ్చి దగ్గరే ఆపండి.

ఆ జివ్వుమనే సంగతి మీరు రాయలేదు, అయినా చెప్పకుండా ముందుకి పోలేను. మన ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పై పెద్ద రంధ్రం వెనక వైరే లేని బోర్డులు, వైరున్నా ఎక్కడా కలవకుండా గోడలో ఆగిపోయినవి, వేసవికి ఎండిపోయిన ఎర్త్ గుంటలు, అన్నీ ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు యాంప్ లోహపు పెట్టె మీద, దానితోపాటు మీ తీగల మీద, మీటరు పెడితే 230లో సగం దాకా వోల్టేజి కనిపించొచ్చు. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. లోపల ఇన్సులేషన్ పాడైన రోజున మాత్రం అవే తీగల మీదికి మొత్తం 230 వోల్టులూ వస్తాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీదే షాక్ కొట్టి చనిపోయాడు. ఎర్తింగ్ సరిగా లేని మైకుని ముట్టుకోవడమే కారణం. ‘ఎర్త్ పిన్ను తీసేస్తే రొద పోతుంది బ్రో’ అని ఎవరన్నా సలహా ఇస్తే వినకండి. కొన్నిసార్లు నిజంగానే పోతుంది, అందుకే ఆ సలహా ఇంకా బతికుంది.

బోర్డు చూడటానికి మీటరు వాడటం వచ్చినవాళ్ళు ఏసీలో పెట్టి మూడు కొలతలు తీయొచ్చు. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో. ఫేజు, ఎర్త్ మధ్య కూడా అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు. రెండో కొలత 60 అనీ 90 అనీ ఊగిసలాడుతుంటే ఆ ఎర్త్ ఎక్కడా కలవలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, యాంప్ మెకానిక్‌ని కాదు.

కేబుల్ తీసినా రొద ఉందనుకోండి. అప్పుడు దాని శృతి వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్. యాంప్‌లో డీసీగా మారాక మిగిలే అల 100 హెర్ట్జ్. అమెరికాలో ఇవే 60, 120 అవుతాయి, వాళ్ళ వీడియోలు చూసేటప్పుడు గుర్తుపెట్టుకోండి. గిటార్ వాయించేవాళ్ళకి కొలమానం చేతిలోనే ఉంది. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో జీ స్వరం 98 హెర్ట్జ్. కేబుల్ లేకుండా, ట్యూన్ చేసిన గిటార్‌ని అలాగే ఆ ఫ్రెట్‌లో మీటి, రొదతో పోల్చి చూడండి. రొద ఆ జీకి ఇసుమంత పైన పలికితే అది 100. దానికి ఒక ఆక్టేవ్ కింద, మెత్తగా, గుండ్రంగా ఉంటే 50. చిన్న కాంబోల స్పీకర్లు 50ని నిండుగా పలికించలేవు కాబట్టి రెండూ కలగలిసి వినబడొచ్చు, నెమ్మదిగా వినండి.

100 వైపు ఉండి, కాస్త కరుగ్గా, వాల్యూమ్ సున్నా చేసినా మారకుండా ఉంటే మొదటి అనుమానం ఫిల్టర్ కెపాసిటర్ల మీద. పాత మెకానిక్కులు కండెన్సర్లు అనేవి ఇవే. పదిహేనేళ్ళు దాటిన యాంప్‌లో, ముఖ్యంగా చాలాకాలం వాడకుండా మూల పడేసినదాంట్లో, ఇవి ఎండిపోవడం మామూలే. ఇది ఛాసిస్ విప్పే పని, మీరు చేయొద్దు. 50 వైపు ఉండి వాల్యూమ్‌తోపాటు పెరుగుతుంటే మొదటి ప్రీయాంప్ ట్యూబునో (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న ట్యూబు), దాన్ని వేడి చేసే హీటర్ కరెంటు తెచ్చే వైర్లనో చూడాలి. ఇక్కడ ఒక చిట్కా ఎప్పుడూ పనికొస్తుంది. ఏ నాబ్ తిప్పితే శబ్దం మారుతోందో, అది ఆ నాబ్‌కి ముందు పుడుతోంది. ఏది తిప్పినా మారకపోతే అన్నిటి తర్వాత, పవర్ వైపు పుడుతోంది. ట్రెబుల్ తగ్గిస్తే శబ్దం మొద్దుబారినా అదే లెక్క, ట్రెబుల్ కంట్రోల్‌కి ముందే పుడుతోందన్నమాట.

మీ లక్షణాల్ని బట్టి మీ రొద గదిలోంచి పికప్‌లకి వస్తోందని నా గట్టి నమ్మకం. గది చూద్దాం. యాంప్ ఆన్‌లో ఉండగా గిటార్ మెళ్ళో వేసుకుని నిలబడి, మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున రొద బాగా పెరిగి, పావు చుట్టు తిరిగేసరికి దాదాపు మాయమైతే అది సింగిల్ కాయిల్ స్వభావం. యాంప్‌కి మరీ దగ్గరగా కూర్చుంటే దాని పవర్ ట్రాన్స్‌ఫార్మరే పికప్‌ని తాకుతుంది, ఒకటిన్నర రెండు మీటర్లు జరిగి చూడండి.

తర్వాత ఫ్యాన్ రెగ్యులేటర్. మన గదుల్లో దీన్ని మించిన రొద యంత్రం లేదు, దీన్ని అనుమానించేవాళ్ళు మాత్రం తక్కువ. గుండ్రంగా మెత్తగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలని సగంలో కోసి ఫ్యాన్‌కి పంపుతుంది. ఆ కోత దగ్గర పుట్టే జీమనే శబ్దం గోడలోని వైర్లంతటా పాకుతుంది. ఫ్యాన్ రెండు మూడు స్పీడ్ల మధ్య ఉన్నప్పుడు గోలగా ఉండి, ఫుల్ పెడితే బాగా తగ్గి, ఆపేస్తే పూర్తిగా పోయిందంటే అనుమానం తీరినట్టే. టకటకమని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ అలని కోయదు, అది బిగిస్తే సరి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే వినబడుతుంది. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, పాత చోకు ట్యూబ్‌లైటు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద వాయించేటప్పుడే గరగరలాడితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. దాని కింద యాంప్‌ని వాడకండి, సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బాధ ఉండదు.

గది సర్దాక మిగిలిన రొదకి గిటార్‌లో చేయగలిగింది ఉంది. పికప్‌ని ఎంచుకునే అయిదు స్థానాల స్విచ్చిలో రెండు, నాలుగు పెట్టి చూడండి. ఇప్పటి గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ కాయిల్ చుట్టు, అయస్కాంతం రెండూ తిరగేసి ఉంటాయి. అందుకే ఆ రెండు చోట్లా రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల శబ్దం మాత్రం నిలుస్తుంది. 1955లో గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ హంబకర్ అనే రెండు కాయిల్స్ పికప్‌కి పేటెంట్ కోరింది ఈ కిటుకుతోనే. మిగతా స్థానాల కోసం పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన పై పలక) విప్పి, లోపలి గుంట అంతటా రాగి రేకు టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కి సోల్డర్ చేయించండి. అన్ని ముక్కలూ ఒకదానికొకటి కలిసున్నాయో లేదో మీటరుతో చూసుకోవాలి, విడిపోయిన ముక్క పనిచేయదు. జీమనే బజ్ దీంతో బాగా తగ్గుతుంది. మెత్తని 50 హెర్ట్జ్ హమ్ మాత్రం దీనికి లొంగదు. అది అయస్కాంత క్షేత్రం ద్వారా వస్తుంది, పల్చటి రాగి దాన్ని ఆపలేదు. ఈ తేడా చెప్పకుండా ‘షీల్డింగ్ చేస్తే అంతా పోతుంది’ అంటే నమ్మకండి. ఆ మిగిలిన హమ్ భరించలేకపోతే హమ్ రద్దు చేసుకునే సింగిల్ కాయిల్ సైజు పికప్‌లు దొరుకుతాయి.

పెడల్స్ సంగతి త్వరగా చూసేద్దాం. వాటిని బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద పోతే అడాప్టరే కారణం. ఒకే చవక అడాప్టర్ నుంచి అన్ని పెడల్స్‌కీ పాయలు తీస్తే, ముఖ్యంగా వాటిలో డిజిటల్ డిలే (ప్రతిధ్వని పెడల్) ఉంటే, సన్నటి కూత వస్తుంది. ప్రతి ఔట్‌పుట్ విడివిడిగా ఉండే పవర్ సప్లై కొనడం దండగ కాదు. రికార్డింగ్‌కి ల్యాప్‌టాప్ కలిపినప్పుడే రొద వస్తే చార్జర్ పీకి చూడండి. పోతే రెండు చోట్ల ఎర్త్ కలిసి లూప్ ఏర్పడిందని అర్థం. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, తగ్గకపోతే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని రికార్డింగ్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) వాడండి. అది సిగ్నల్ వైపు గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, ప్లగ్గులోని ఎర్త్‌ని ముట్టుకోదు.

నాయిస్ గేట్ కొనుక్కుంటే సరిపోతుంది కదా అని కూడా అడిగారు. గేట్ మీరు వాయించనప్పుడు తలుపు మూస్తుంది, అంతే. వాయించేటప్పుడు రొద స్వరం కిందే ఉంటుంది, స్వరం చివర సాగే తోకని మాత్రం గేట్ కోసేస్తుంది. హై గెయిన్‌లో, అంటే సిగ్నల్‌ని బాగా పెంచి గరుకు టోన్‌తో వాయించేవాళ్ళకి అది అవసరమైన పనిముట్టే. క్లీన్ టోన్‌లో వాయించే మీకు అది ఇప్పుడు వద్దు.

ఇక చిటపటలు. అరగంట తర్వాతే మొదలవుతాయన్నారు, అంటే వేడెక్కాక ఏదో ఒకటి జరుగుతోంది. అవి వస్తున్నప్పుడు గిటార్ కేబుల్ తీసేయండి. ఆగకపోతే యాంప్ వాల్యూమ్ సున్నా చేయండి. అప్పుడు ఆగితే ప్రీయాంప్ వైపు. ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. వెనక నుంచి కనిపించే చిన్న ట్యూబులు, చాలావరకు 12ఏఎక్స్7 అనే రకమే ఉంటాయి, వాటిని పెన్సిల్ వెనక కొసతో ఒక్కొక్కటిగా మెత్తగా తట్టండి. వేళ్ళతో వద్దు, గాజు కాలుతుంది. ఇన్‌పుట్‌కి దగ్గరున్న ట్యూబు తడితే స్పీకర్లో చిన్నగా టక్ మనడం సహజం, ఎందుకంటే దాని తర్వాత గెయిన్ అంతా ఉంది. తట్టిన దెబ్బకి గంటలా మోగి, ఆ మోత సాగినా, చిటపటలు ఒక్కసారిగా పెరిగినా ఆ ట్యూబుని అనుమానించండి. యాంప్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, అదే నంబరున్న ఇంకో ట్యూబుతో దాన్ని అటూ ఇటూ మార్చండి. చిటపట ట్యూబుతోపాటు కదిలితే ఆ ఒక్కటీ మార్చండి, మొత్తం సెట్టు అక్కర్లేదు. కదలకుండా అదే చోట ఉంటే సాకెట్టు వైపు చూడాలి. యాంప్ ఆపి ఉండగా ట్యూబుని రెండు మూడుసార్లు పైకీ కిందికీ జరిపితే పిన్నుల మీద పట్టిన పొర రాలుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి ఈ పొర త్వరగా పడుతుంది, జాక్‌ల మీద పచ్చగా కనబడుతుంది కూడా.

ట్యూబూ కాక, సాకెట్టూ కాకపోతే మిగిలేవి పగిలిన సోల్డరు అతుకు, లేదా ట్యూబుకి వోల్టేజి అందించే ప్లేట్ రెసిస్టర్. 100 కిలో ఓమ్స్ పాత కార్బన్ రెసిస్టర్లు వేడెక్కి, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడటం పాత యాంప్‌లలో మామూలే. విడి భాగంగా చూస్తే చాలా చవక, కానీ ఛాసిస్ లోపలిది కాబట్టి మెకానిక్ పని.

నాబ్ తిప్పితే గరగరమంటోందని కూడా ఓ వాక్యం రాశారు. అది ఎక్కువగా దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ పాట్ (నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్) లోపలికి కొట్టి, ఇరవై ముప్ఫైసార్లు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పితే పోతుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టకండి, అవి జిడ్డుగా ఉండిపోయి మరింత దుమ్ము పడతాయి. పాట్ చాలా యాంప్‌లలో ఛాసిస్ విప్పితేనే అందుతుంది, ట్యూబ్ యాంప్‌లో ఆ పని మెకానిక్ చేతే చేయించండి. శుభ్రం చేసినా గరగర పోకపోతే మెకానిక్‌కి ఒక మాట చెప్పండి: పాట్ మీద డీసీ ఉందేమో కొలవమని. పాట్‌కి ముందున్న కప్లింగ్ కెపాసిటర్ లీకైతే వందల వోల్టుల్లోంచి కాస్త డీసీ పాట్ మీదికి వస్తుంది, అప్పుడు కొత్త పాట్ వేసినా అదే గరగర.

మీ లక్షణాలకి సంబంధం లేనివి, ఎప్పుడైనా ఎదురైతే పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. డిడ్ డిడ్ డిడ్ మని తాళం వేసినట్టు వస్తే యాంప్ మీద పెట్టిన ఫోన్. 2జీ సిగ్నల్ సెకనుకి 217 సార్లు ఆగి ఆగి పంపుతుంది, అదే స్పీకర్లో వినబడుతుంది. సన్నగా రేడియో వినిపిస్తే కేబుల్ షీల్డు, ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ అతుకు చూడాలి. పడవ ఇంజనులా టుక్ టుక్ మంటే ఫిల్టర్ కెపాసిటర్ల గురించి చెప్పిందే వర్తిస్తుంది. ఒకే స్వరం దగ్గర మాత్రం జర్రుమంటే స్పీకర్‌ని తప్పుపట్టే ముందు, ఎవరినైనా ఆ స్వరం వాయించమని, మీరు వెనక పలక మీద, హ్యాండిల్ మీద చెయ్యి నొక్కి చూడండి, ట్యూబుల్ని పట్టి ఉంచే స్ప్రింగుల్ని మాత్రం పెన్సిల్‌తో నొక్కండి. లూజైన స్క్రూ దొరకొచ్చు.

మీరు చేయాల్సిన క్రమం ఇది: ఖాళీ జాక్, గిటార్ వాల్యూమ్ సున్నా, ఫ్యాన్ ఆపడం, చిటపటలప్పుడు పెన్సిల్. ప్రతి దాని దగ్గరా ఏమైందో కాగితం మీద రాసుకోండి. ఛాసిస్ విప్పించాల్సి వస్తే ఆ కాగితం మెకానిక్ చేతిలో పెట్టండి, అరగంట వేడెక్కాకే చిటపటలు వస్తాయన్న సంగతి అందులో మొదటి లైనులో ఉండాలి. లేకపోతే చల్లటి యాంప్‌ని అయిదు నిమిషాలు విని ‘బాగానే ఉంది’ అని తిరిగిచ్చేస్తారు. ఏ భాగం మార్చినా పాతది వెనక్కి అడిగి తీసుకోండి. పెన్సిల్ పరీక్ష అయ్యాక ఏ ట్యూబు దగ్గర శబ్దం మారిందో ఇక్కడ రాయండి, ఆ తర్వాత సంగతి చూద్దాం.